తెడ్డు లేని పుట్టి

వేసవిలో ఆదివారం వచ్చిందంటే కృష్ణప్రసాద్ మూడున్నరకే తయారైపోయేవాడు. ఫ్లాస్కులో టీ, పొట్లంలో ఉస్మానియా బిస్కెట్లు, నెత్తిన తడి తువ్వాలు. హైదరాబాదులో మొఘల్‌పురా నుంచి మీరాలం చెరువు కట్ట దాకా రిక్షా. భార్య నాగమణి రిక్షా ఎక్కాక కూడా తాళం వేశామా లేదా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసేది. వేసే ఉండేది.

మే నెలలో చెరువు సగానికి తగ్గినా జాలరి బీరయ్య పుట్టికి చాలినన్ని నీళ్లుండేవి. వెదురు బుట్టకి తోలు కప్పి చేసిన గుండ్రటి పుట్టి అది. వారమంతా చేపలు పట్టేది, ఆదివారం మనుషుల్ని తిప్పేది. దానికి తెడ్డు లేదు. ఎక్కినవాళ్లు తిరిగినంతసేపు తిరిగి, ఇక చాలనుకుని ‘ఇంటికి’ అంటే చాలు, అన్నవాళ్ల ఇల్లు ఎటుంటే అటు గట్టుకు పోయేది. కార్వాన్ వాళ్లని ఒక పక్క, మలక్‌పేట వాళ్లని ఇంకో పక్క దింపేది. ఒకసారి కొత్త కోడలొకతె ‘ఇంటికి’ అంటే తిన్నగా పుట్టింటి వైపు తీసుకుపోయింది. అత్తగారు వారం రోజులు మూతి ముడుచుకుంది గాని, తప్పు పుట్టిదని మాత్రం అనలేదు.

కృష్ణప్రసాద్‌ది రేపల్లె. కాలువ మీద పడవల్లోకి ఎగిరి దూకుతూ పెరిగినవాడు. ఆయన ‘ఇంటికి’ అంటే పుట్టి ఆగ్నేయపు మూలకి పోయి, అక్కడి బండలకి అంచు రాసుకుంటూ నిలబడేది. రేపల్లె అటే మరి. చెరువు దాటి పోవడం పాపం దాని వల్ల ఎక్కడవుతుంది? ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవాడు. కాసేపాగి బీరయ్య తనే ‘ఇంటికి’ అనేవాడు. అతని గుడిసె కట్ట కిందే కాబట్టి పుట్టి మళ్లీ కట్టకి చేరేది. ఎనిమిది వేసవులు ఇదే వరస.

ఆ ఎనిమిదేళ్లూ లీలమ్మగారింట్లో అద్దెకున్నా ఆయన దాన్ని ఇల్లనలేదు. ‘వాటా’ అనేవాడు. వాటాకి వెళ్దాం పద, వాటాలో దోమలు, ఇలా. లీలమ్మకి అది కిట్టేది కాదు.

“ఏంది సారూ, ఆస్తి పంచుకున్నట్టు వాటా వాటా అంటరు. ఇల్లు అంటే నోరు నొస్తదా?” అని నవ్వుతూనే అంటించేది.

ఆయన్నీ అనడానికి లేదు. తెలంగాణ గొడవల తర్వాత ఆఫీసులో కోస్తావాళ్లు చాలామంది మూటాముల్లె సర్దేశారు. ఆయనా ఏటేటా బదిలీకి అర్జీ పెట్టేవాడు. కారణం దగ్గర ‘నా భార్యకు ఇక్కడి నీళ్లు పడలేదు’ అని రాసేవాడు. మొదటి ఏడాది నాగమణికి జ్వరాలు వచ్చిన మాట నిజమే. ఆ తర్వాత ఆమె సందు చివరి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టింది. ఉర్దూ ఇళ్ల పిల్లలు పంతులమ్మని పిలిచినట్టే ‘ఉస్తానీమా’ అని పిలిచేవాళ్లు. వాళ్ల చేత ‘కళ్లు’ అని సరిగ్గా పలికించిన రోజున ఇంటికొచ్చి ఆ గొప్ప చెప్పుకునేది. ఆయన పేపరు వెనకనుంచి ఊఁ కొట్టేవాడు. అర్జీలోని ఈ నీళ్ల సంగతి ఆమెకి తెలియదు.

డెబ్భై నాలుగు మేలో గుంటూరుకి బదిలీ ఉత్తర్వు వచ్చింది. సోమవారం సంతకం పెట్టి కదలడమే. ఆయన కేకేసినట్టే చెప్పాడు. నాగమణి ‘మంచిదండి’ అని బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది. చాలాసేపు కడిగింది.

ఆఖరి ఆదివారమని చెరువుకి వెళ్లారు. టీ తాగారు. ఎండ దిగింది. కృష్ణప్రసాద్ నోరు తెరవబోతుంటే బీరయ్య ఆపాడు.

“ఎనిమిదేండ్ల సంది మీరే అంటున్నరు సారూ. పొయ్యేటప్పుడన్న అమ్మను అననియ్యుండ్రి.”

ఆయనకి ముచ్చటేసింది. నాగమణిది తెనాలి, అదీ అటేగా. అనమన్నాడు. ఆమె వద్దండి అంది. మళ్లీ అడిగితే తల వంచుకుని మెల్లిగా “ఇంటికి” అంది.

పుట్టి తిన్నగా కట్ట వైపు, మొఘల్‌పురా వైపు బయల్దేరింది. సాయంత్రం కొట్టానికి మళ్లిన ఆవులాగా పోయింది. గాలికి తిరిగిందేమో అన్నాడు కృష్ణప్రసాద్. గాలి లేదు. బీరయ్య నీళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

“నీకు రావాలని లేదా?” అన్నాడాయన.

“మీతో వస్తానండి. రానని ఎప్పుడన్నా అన్నానా?”

“నేనడిగింది అది కాదు.”

“అసలు అడగడమే ఇది మొదటిసారి,” అంది నాగమణి. “తెనాలిలో నేను ఫలానావారి అమ్మాయిని, రేపల్లెలో ఫలానావారి కోడల్ని. ఇక్కడ నన్ను నా పనితో పిలుస్తారండి.”

అప్పుడాయన అర్జీలో ఏం రాశాడో చెప్పేశాడు. దాచుకోవడానికి ఇక మొహం చెల్లలేదు. ‘ఎనిమిదేళ్లూ ఈ నీళ్లే తాగాను కదండీ’ అని మాత్రం అందామె.

సోమవారం ఆయన ఉత్తర్వు తిరిగిచ్చేశాడు. నోటికాడి కూడు కాలదన్నుకున్నాడని సెక్షన్ అంతా నవ్వింది. నాలుగేళ్లుగా కాచుకున్న ఇంకో గుమాస్తా ఆ చోటికి ఎగిరి గంతేసి వెళ్లాడు. కృష్ణప్రసాద్‌కి బాధ లేదని కాదు. వారమంతా రేపల్లె కాలువ వాసన ఆయన ముక్కుని వదల్లేదు.

పై ఆదివారం పుట్టి ఎక్కి, ఉండిపోవడమని తేల్చుకున్నాక మనసూ మారి ఉంటుందని ధీమాగా ‘ఇంటికి’ అన్నాడు. పుట్టి ఎప్పట్లాగే ఆగ్నేయపు మూలకి పోయి బండలకి ఆనుకుంది. ఆయన సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఎన్ని సంతకాలు మారినా మనిషి లోపలి ఊరు అంత తొందరగా మారదు. బీరయ్య తన మాట అనబోయాడు.

“ఉండు బీరయ్యా,” అంది నాగమణి. “ఇది మా అత్తారిల్లు. గుమ్మం దాకా వచ్చి దిగకుండా పోతే బాగుండదు.”

కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఆమే ముందు దిగింది. బండ మీద నిలదొక్కుకుని ఆయనకి చెయ్యి అందించింది.