స్త్రీల ఆదివారం

ఆ శనివారం వెల్లుల్లి ఒలిచే పని రాజ్ కిరణ్‌ది, ప్రసంగం నాది. మామూలుగా మా ఇంట్లో ఇది తిరగేసి ఉంటుంది. పాస్టర్లను తయారుచేసే సెమినరీలో పెళ్ళయిన విద్యార్థులకిచ్చే ఒక గది, వంటిల్లు మా కాపురం. ఆదివారం బోధన్ అవతలి చిన్న ఊళ్ళో అతను చెప్పబోయే ప్రసంగం ముందురోజు మధ్యాహ్నం నా పొయ్యి పక్కనే తయారవుతుంది. నేను కూరగాయలు తరుగుతూ వింటాను, అతను గోడకు చెబుతాడు. మధ్యలో ఆగి, "గీడ ఒక ఉదాహరణ ఉంటే మంచిగుంటది గదా ప్రిస్సీ" అంటాడు. నేను ఏదో ఒకటి అందిస్తాను. మా ల్యాబులో సూదిని చూసి బండి స్టాండు దాకా పరుగెత్తిన పహిల్వాన్ సంగతి ఒకసారి అలాగే అందించాను. మర్నాడు జనం పడీపడీ నవ్వారు. "పాస్టరుగారికి లోకం మంచిగ తెలుసమ్మా" అని ఒకాయన వచ్చి నాతోనే అన్నాడు.

రాజ్ కిరణ్ మంచివాడు. ఇది ఎవరికో భయపడి చెప్పే మాట కాదు. తిన్న ప్లేటు తనే కడుగుతాడు. ఆ సంగతి మా అత్తమ్మ ఊరూరా చెప్పింది. మిగతా గిన్నెలు ఎవరు కడుగుతారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పొద్దున ఖలీల్‌వాడిలోని ల్యాబుకు పోయి, రక్తాలు తీసి, పరీక్షలు చేసి నేను ఇంటికి వచ్చేసరికి అతను హీబ్రూ అక్షరాలు గోడకు అంటించి వాటి ముందే నిద్రపోతూ ఉంటాడు. నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తాడు. సాయంత్రం బండి మీద మార్కెట్ యార్డు వైపు పోతే పసుపు ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ మిర్చి బజ్జీలు తింటాం. నేను సంతోషంగానే ఉన్నాను. కోపం కూడా ఆ సంతోషంలోనే ఒక మూల కూర్చుని ఉంటుంది, దాని పని అది చేసుకుంటూ.

మా వంటింట్లో రెండు బియ్యం డబ్బాలు. పెద్దది మాది, చిన్నది దేవునిది. ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేయాలి. మా అమ్మ నేర్పింది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకుపోతే ఊళ్ళో ఆడవాళ్ళందరూ తెచ్చిన పిడికెళ్ళతో కలిపి ఒకే సంచిలో పోస్తారు. ఆ సంచి పాస్టరు ఇంటికి, అంటే మళ్ళీ నా ఇంటికే వస్తుంది. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి, కొత్తవి, పాతవి, అన్నీ కలగలిసి. ఎన్ని నీళ్ళు పోసినా కొన్ని మెత్తగా గుజ్జయిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. అత్తమ్మ శారమ్మ వచ్చినప్పుడల్లా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "మా కోడలికి అన్నీ వస్తయి, అన్నం ఒక్కటే వండరాదు" అంటుంది. ఆమె కూడా పాస్టరు భార్యే. ముప్పై ఏళ్ళు అవే బియ్యం వండింది.

స్త్రీల ఆదివారం గురించి చెప్పిందీ ఆమే. ఏడాదికొకసారి ఆ రోజు ఆరాధన అంతా ఆడవాళ్ళే నడుపుతారు. పాటలు, వాక్యం చదవడం, కానుకలు పట్టడం అన్నీ వాళ్ళవే. ప్రసంగం పాస్టరమ్మ చేస్తుంది. పాస్టరుగారు రాసిస్తారు. "మీ మామ రాసిస్తుండె, నేను బట్టీ పట్టి చెప్తుంటి. ఒక్క మాట పొల్లు పోనియ్యలే" అంది అత్తమ్మ గర్వంగా. అవి చెప్పినప్పుడు ఆమెకు ఏమనిపించేదో అడగాలనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ ప్రసంగం సంగతికి రావాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

అమ్మ బాల్కొండలో ఉండేది. కిడ్నీలు పాడైతే నా దగ్గరికే తెచ్చుకున్నాను. ఆమె రక్తం నా చేతులతోనే తీశాను, నేనే పరీక్ష చేశాను. రిపోర్టులో క్రియాటినిన్ అంకె దిగాలని శుక్రవారాలు ఉపవాసం ఉండి దేవుణ్ణి అడిగాను. చూసినప్పుడల్లా అది పెరుగుతూనే వచ్చింది. పోయిన వానాకాలం అమ్మ పోయింది. నాకు దేవుని మీద కోపం కూడా రాలేదు. మాట రాలేదు, అంతే. సాయంత్రం ఇద్దరం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కిరణ్ ప్రార్థన చేస్తుంటే నేను పొయ్యి మీది పప్పు అడుగంటుతుందేమో అని ఆలోచించేదాన్ని. అతను ఆమెన్ అంటే నేనూ ఆమెన్ అనేదాన్ని. అలా దొంగలా ఉండలేక ఒకరోజు చెప్పేశాను. "నాకు ప్రార్థన వస్తలేదు కిరణ్." అతను వాక్యం చెప్పలేదు, సలహా చెప్పలేదు. నా తల మీద చెయ్యి పెట్టి చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. పెళ్ళయ్యాక అతన్ని అంత ప్రేమించిన రోజు ఇంకొకటి లేదు.

తర్వాత కొన్నాళ్ళకే ఒక ఆదివారం అతని ప్రసంగానికి మార్కులు వేయడానికి సెమినరీ నుంచి ప్రొఫెసర్ గారు ఆ ఊరికి వచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నారు. ప్రసంగం మధ్యలో కిరణ్ ఆగాడు. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. ఉదాహరణ కోసం తడుముకునే ఆగడం అది. వంటింట్లో లాగే నా వైపు చూశాడు. "నా స్వగృహములోనే, ప్రియులారా" అని మొదలుపెట్టాడు. ప్రార్థన చేయలేకపోయిన భార్య. ఆమె కొరకు మోకరించిన భర్త. చివరకు విశ్వాసంలో బలపడిన భార్య. జనమంతా తలలు తిప్పి నన్ను చూశారు. జమఖానా మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కొంగు సర్దుకున్నాను. సిగ్గుతో చెవులు మండాయి. ప్రొఫెసర్ గారు వెళ్ళేముందు కిరణ్ చెయ్యి పట్టుకుని ఊపి, "ఆ ఉదాహరణ గుండెలోనికి పోయిందయ్యా" అన్నారు.

ఇంటికి వచ్చాక అడిగాను. "నన్ను అడగకుంట ఎందుకు చెప్పినవ్?"

అతనికి నిజంగానే అర్థం కాలేదు. "మన సంగతే గదా ప్రిస్సీ. నిన్నేమన్న తక్కువ జేసి చెప్పిన్నా?"

"నేను బలపడలే గదా."

"బలపడతవు. విశ్వాసంతోని ముందుగాల్నే చెప్పిన."

గురువారాలు సెమినరీలో మాకు భార్యల క్లాసు ఉంటుంది. నలుగురిలో భర్తను పాస్టరుగారు అనాలని, విందులో అందరి తర్వాత తినాలని, ఫ్లాస్కులో ఎప్పుడూ టీ ఉండాలని ప్రిన్సిపాల్ గారి భార్య మాకు నేర్పుతారు. ఆమెను అడిగాను, భర్త మన సొంత సంగతి ప్రసంగంలో చెబితే ఏం చేయాలని. "అది నీకు కిరీటం అమ్మా. దేవుడు మన కన్నీళ్ళను వాడుకుంటాడు" అన్నారు. దేవుడు వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు మేడం అనుకున్నాను లోపల.

కిరణ్‌కు చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక అంజవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెరుకు నరకడానికి పోయే పెద్దావిడ. ముంజేతుల నిండా ఆకు కోసిన గీతలు.

"వందనాలు బిడ్డా. నీకు ప్రార్థన రాకుండె అట గదా. మల్లెట్ల వచ్చింది? నాకు జెప్పరాదు?"

నా చెయ్యి వదలకుండా ఆమే తన తోడికోడలి సంగతి చెప్పింది.

"మా యారాలు హన్మవ్వ పోయినకాంచి నాకు నోరే లేస్తలేదు. సేన్ల ఇద్దరం, ఇంట్ల ఇద్దరం, గీడ చర్చిల గూడ పక్కపొంటే కూసుంటుంటిమి. గిప్పుడు గా జాగ సూస్తె దేవుడు యాదికొస్తలేడు, గదే యాదికొస్తది. స్త్రీల ఆదివారం నాడు నువ్వే జెప్తవట గదా? ఎట్ల మంచిగైందో గప్పుడు జెప్పు బిడ్డా."

"మంచిదవ్వా" అన్నాను. ఏం చెబుతానని మంచిదన్నానో నాకే తెలియదు. ఆ నెలంతా ల్యాబులో ఎవరి చెయ్యి పట్టుకున్నా అంజవ్వ చెయ్యే గుర్తుకొచ్చింది.

ఇదీ ఆ శనివారానికి ముందు కథ. కిరణ్ పీట మీద కూర్చుని ఒక్కో వెల్లుల్లి రెబ్బతో కుస్తీ పడుతున్నాడు. నేను నిలబడి అతను రాసిచ్చిన కాగితం చదువుతున్నాను. "ప్రియ సహోదరీలారా, నా జీవితములో ప్రార్థన ఎండిపోయిన కాలమొకటి కలదు. ఆ దినములలో నా భర్త నా కొరకు కన్నీటితో మోకరించెను. నేడు నేను బలపరచబడినదాననై మీ యెదుట నిలిచియున్నాను."

"గీడ కొంచెం గొంతు వణకాలె ప్రిస్సీ. ఏడుపు వస్తే ఇంక మంచిది."

"రాకపోతే?"

"వస్తది. నీ సంగతే గదా."

"నా సంగతే అయితే గీ ముక్క తీసేస్త."

అతను వెల్లుల్లి కింద పెట్టాడు. "తీసేస్తే ఇంకేం ఉంటది? గదే గదా ప్రసంగానికి గుండె!" అన్నాడు దీనంగా. ఒలిచిన రెబ్బల్లో సగం గోళ్ళతో నలిగిపోయి ఉన్నాయి. అవే పోపులో వేశాను. బియ్యం కొలిచి, పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేసి, ఎసరు పెట్టాను.

మర్నాడు బండి మీద బోధన్ దాటి, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి, చెరుకు ట్రాక్టర్ల వెనక దుమ్ము తాగుతూ ఊరు చేరాం. ఆడవాళ్ళందరూ మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్ళ సంబరం చూస్తే నాకూ సంబరంగానే ఉంది. పాటలు అయ్యాయి. ఒక పిల్ల వాక్యం చదివింది. కిరణ్ మగవాళ్ళ వైపు చివర కూర్చుని, బడిలో పిల్లను నిలబెట్టిన తండ్రిలా పెదాలు కదుపుతూ ఉన్నాడు. నా మాటలన్నీ అతనికి కంఠస్థం మరి.

మొదటి వాక్యం బాగానే చదివాను. ప్రార్థన ఎండిపోయిన కాలమొకటి కలదు అన్నాను. రెండో వరుసలో అంజవ్వ మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. అంత రద్దీలోనూ ఎవరూ అక్కడ కూర్చోలేదు. ఆమె మొహం చూశాను. రిపోర్టు కోసం మా కౌంటరు దగ్గర నిలబడేవాళ్ళ మొహం అది, రోజూ చూస్తాను. ఏ అంకె వచ్చినా సరే, వచ్చిందే రాసిచ్చాను. మా అమ్మకు కూడా తప్పుడు రిపోర్టు ఇవ్వలేదు.

కాగితం మడిచి పెట్టేశాను.

"పోయిన నెల మీ పాస్టరుగారు నా గురించి చెప్పింది సగమే నిజం" అన్నాను. గొంతు వణకలేదు. "నాకు ప్రార్థన వస్తలేదన్నది నిజం. మల్ల వచ్చిందన్నది నిజం కాదు. ఇంక రాలే. ఎట్ల వస్తదో గూడ నాకు తెల్వది."

కిరణ్ పెదాలు కదలడం ఆగిపోయింది. తర్వాత ఏం చెప్పాలో నేనేమీ అనుకుని రాలేదు. ఎటు చూడాలో తెలియక బల్ల వైపు చూశాను. అక్కడ బియ్యం సంచి ఉంది.

"మా అమ్మ దినాలయినంక ఇంటికొచ్చి బియ్యం కొలిసిన" అన్నాను. "కొలిసి, పిడికెడు తీసి దేవుని డబ్బల ఏసిన. ఎందుకేసిన్నో తెల్వది. దేవునితోని మాటలు లేవు, గని ఏసిన. గప్పటిసంది ఒక్క పూట గూడ తప్పలే. నోరు ఆగింది గని చెయ్యి ఆగలే. గిది నేను గిప్పుడే, మీ ముందట నిలవడ్డంకనే సూస్కున్న. గిది ప్రార్థన అయితదో కాదో నాకు తెల్వదవ్వా. నా దగ్గరైతే గింతే ఉన్నది."

"నాది గూడ ఆగలే బిడ్డా!" అంది అంజవ్వ, ఆరాధన మధ్యలో, పొలంలో పిలిచినంత గట్టిగా. "రోజు ఏస్తున్న. హన్మవ్వ పేరు మీద ఇంకో పిడికెడు గూడ ఏస్తున్న!"

ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. నాదీ, నాదీ అని వెనక నుంచి ఇంకో రెండు గొంతులు లేచాయి. అంజవ్వ కళ్ళు తుడుచుకుంటూ పక్కనున్న ఖాళీ జాగా మీద చెయ్యి పెట్టి కూర్చుంది. నాకూ ఏడుపొచ్చింది. హన్మవ్వ పిడికెడు ఇన్నాళ్ళూ నా గిన్నెలోనే ఉడికిందన్న మాట. అత్తమ్మ పలుకులని ఏరిపెట్టిన మెతుకుల్లో అవీ ఉండే ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు కిరణ్ బియ్యం సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని బోధన్ దాకా బండి నడిపాడు. రోడ్డు పక్కన చెరుకు రసం బండి దగ్గర ఆపాడు. రెండు గ్లాసులు చెప్పి, ఒకటి ముందు నాకిచ్చాడు.

"అందరి ముందట సగమే నిజం అన్నవ్."

"అన్న."

"నాకు ముందుగాల ఒక్క మాటన్న చెప్పకపోతివి."

నేను అతని మొహంలోకి చూశాను. తన మాట తనకే వినబడినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పయింది ప్రిస్సీ" అన్నాడు. "మంచి ఉదాహరణ అనుకున్న. గది నువ్వు అని యాదికి రాలే."

ప్రార్థన రావడం లేదని చెప్పిన రోజు నా తల మీద చెయ్యి పెట్టిన మనిషి మళ్ళీ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ప్రాణం తేలికపడింది. రసం చల్లగా, అల్లం ఘాటుతో బాగుంది. ఇంకో గ్లాసు అడిగాను.

బండి ఎక్కబోతూ మళ్ళీ ఆగాడు. అదే ఆగడం. కానీ ఈసారి నా వైపు తిరిగి, నీళ్ళు నమిలాడు.

"ఒకటి అడగాల్నా? వచ్చే నెల సెమినరీల ప్రసంగం నాదే. గా పిడికెడు బియ్యం మాట... నేను చెప్పుకోవచ్చునా?"

అడిగాడు. కాపురం మొదలయ్యాక నా మాట తీసుకునే ముందు అడగడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ రోడ్డు మీదే అతన్ని వాటేసుకుందామనిపించింది.

"వద్దు" అన్నాను.

"ఎందుకు?"

"నేను చెప్పుడు ఇంక అయిపోలే."