ఫోటోలో నడిమి జాగా

బ్రహ్మచారికి నలుగురు ఆడపిల్లలు. తప్పు పేరు పెట్టిన తాతది, ఆయనది కాదు. సూరత్‌లో లింబాయత్ చుట్టుపక్కల సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మన వాళ్ల పెళ్లిళ్లన్నిటికీ ఫోటోలు ఆయనే తీసేవాడు. ఆయన ఫ్లాష్ వెలిగితే పక్క సందులో కోళ్లు తెల్లారిందనుకుని కూసేవని చెప్పుకునేవారు. కోళ్ల సంగతి దేవుడెరుగు, ఆయన ఫోటోలో మనిషి మాత్రం నిలబడ్డ చోటనే ఉండేవాడు. సింధూజ పెళ్లి ఫోటోలు వచ్చేదాకా.

సింధూజ రాజమౌళి కూతురు. రాజమౌళి సిరిసిల్ల వదిలి వచ్చి, పొద్దస్తమానం మరమగ్గాల మోతలో నిలబడి, సగం చెవుడు తెచ్చుకున్నవాడు. పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు ఏం చెప్పినా తలాడించాడని ఇప్పటికీ ఆయన భార్య దెప్పుతుంది. తాపీ నది ఊరిని ముంచిన మరుసటి ఏడు రాంప్రసాద్‌తో సంబంధం కుదిరింది. కడోదరా మిల్లులో మెకానిక్‌గా చేసి కెనడా పోయిన పిల్లవాడు. సెలవు మీద వచ్చి తాళి కట్టి, ఇంటి ముందు పందిరి విప్పకముందే మళ్లీ విమానమెక్కాడు.

ఇక సింధూజ వెళ్లాలి. ఊరందరికీ భోజనాలు పెట్టి చేసిన పెళ్లిని, ఎక్కడో కూర్చున్న ముఖమెరుగని వీసా అధికారికి ఫోటోలతో మళ్లీ నమ్మించాలి. ఆయన నమ్మితే మొగుడి దగ్గరికి, నమ్మకపోతే నాన్న సాంచాల దగ్గరే.

అడాజన్‌లో అలాంటి కాగితాలు చూసే జయదేవ్ అనే అతనున్నాడు. బ్యాంకు ఆఫీసరు గారి అబ్బాయి, కోస్తా మాట. ఫోటోలను బల్ల మీద పేకముక్కల్లా పరిచి, చూసి చూసి, నుదురు కొట్టుకున్నాడు.

“ఏంటమ్మా ఇవి? మొగుడూ పెళ్లాలా, బస్టాపులో నిలబడ్డ ఇద్దరు ప్రయాణికులా?”

సింధూజ వంగి చూసింది. పెళ్లి పీటల మీద, సోఫాలో, గుడి మెట్ల మీద, ప్రతి ఫోటోలో తనకూ రాంప్రసాద్‌కూ నడుమ మనిషి పట్టేంత ఖాళీ. డుమస్ సముద్రం దగ్గర అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు ఆమెకింకా గుర్తే. ఫోటోలో మాత్రం తను అటువైపు ఎడంగా ఉంది. అతని చెయ్యి గాలిలో వంగి, వేళ్లు కనబడని భుజమేదో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. గాలిని పొదివి పట్టుకుని నవ్వుతున్నాడు మహానుభావుడు.

“అధికారి మొదట చూసేది ఈ దగ్గరితనమే,” అన్నాడు జయదేవ్. “ఇంత ఎడం చూశాడంటే దొంగ పెళ్లని ఫైలు మూసేస్తాడు. మళ్లీ తెరిపించడం మా తాతతరం కూడా కాదు. మంచివి వేయించుకురా. ఒక్కో ఫోటో వెనకాల, అందులో ఉన్న ప్రతి మనిషి పేరూ, వరసా రాయాలి, మర్చిపోకు.”

ఆ మాట చెప్పేసరికి బ్రహ్మచారికి రోషం పొడుచుకొచ్చింది.

“నేను నిలవెట్టిన జంట నడుమ చీమ గూడ దూరది బిడ్డా! ఎవడు వాడు అన్నది?”

నెగెటివ్‌లు తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. చూశాడు. కళ్లద్దాలు చొక్కాతో తుడుచుకుని మళ్లీ చూశాడు. నెగెటివ్‌లోనూ అదే ఎడం.

“సరే, కంప్యూటర్ ఎందుకున్నది? సేఠ్ల పొట్టలే లోపలికి నెట్టిన, మీ ఆయనను జరపలేనా?” అని జరిపాడు. తెర మీద భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చోబెట్టాడు. మెషిన్‌లోంచి ఫోటో బయటికి వచ్చేసరికి మళ్లీ నడుమ ఖాళీ. మెషిన్‌కు నిమ్మకాయ కట్టి మళ్లీ వేశాడు. ఈసారి నిమ్మకాయ నల్లబడింది గానీ ఖాళీ పూడలేదు.

తలంబ్రాల ఫోటో దగ్గర బ్రహ్మచారి వేలు ఆగిపోయింది. తలంబ్రాలు ఇద్దరి నెత్తి మీదా ఉన్నాయి. నడుమ ఖాళీలోనూ ఉన్నాయి, కింద పడకుండా, ఒక తల ఎత్తున, జుట్టు మీద నిలిచినట్టు. డుమస్ ఫోటోలో తడిసిన నల్ల ఇసుక మీద మూడు జతల అడుగులు. నడిమి జత చిన్నది. రెండో వేలి దగ్గర ఇసుకలో మట్టెల నొక్కు కూడా పడింది.

బ్రహ్మచారి గొంతు తగ్గించాడు. “బిడ్డా, పెండ్లిల నీ పక్కకు ఎవరన్న కూసున్నరా?”

బయట ఖార్ఖానాల్లో కరెంటు పోయినట్టుంది. పొద్దంతా ఆగని సాంచాల టకటక ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో సింధూజకు తన పక్కన ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

మర్నాడు కడోదరా వెళ్లి అత్త ఎల్లవ్వ ముందు చాప మీద ఫోటోలు పరిచింది. ఎల్లవ్వ డుమస్ ఫోటో తీసుకుని, ఆ ఖాళీ మీద అరచెయ్యి పెట్టి, తల నిమిరినట్టు నిమిరింది.

“జర సన్నవడ్డది,” అంది.

సింధూజ ఫోటో మీదికి వంగింది. “ఎవరత్తమ్మా?”

ఎల్లవ్వ తలెత్తింది. కోడలికి కనబడటం లేదని అప్పుడు అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాచిన మాటలు దాచినంత కాలం బరువు, జారాయంటే ఆగవు.

“భాగీరథి. నీకంటె ముందు వాడు కట్టుకున్నది. ఏడాది తిరగకముందే జరమొచ్చి పాయె. రెండో సంబంధమంటె మీ బాపు పిల్లనియ్యడని చెప్పలె. కాయితాల మీద గూడ మొదటి పెండ్లనే రాయించినం.”

“మరి పుస్తె?” అంది సింధూజ.

ఆ ప్రశ్న మన వాళ్లకే తడుతుంది. భార్య పోయినవాడు మళ్లీ పెళ్లి చేసుకుంటే, పోయినామె పేరిట చిన్న పుస్తె చేయించి, ఆమెకు చీర పెట్టి, ఆ పుస్తెను కొత్త కోడలి తాడులో గుచ్చాలి. సవతి పుస్తె అంటారు దాన్ని. నీ జాగా నీకుంది తల్లీ, అని చెప్పడమన్నమాట. ఆ మాట చెప్పించుకోని మనిషి తన జాగా తానే వెతుక్కుంటుంది.

ఎల్లవ్వ లేచి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుడ్డ మూట తీసింది. “చేపిచ్చినం బిడ్డా. అందరి ముంగట కడితె మీ బాపు అడుగుతడని ఈడ దాచిన.” మూట ముడి బిగిస్తూ అంది, “ఒక్క ఫోటో గూడ దిగలె ఆ పిల్ల. దిగుదామత్తా అని ఒకటే గునుసుడు. గీ పాలిస్టర్ చీరల ఏం దిగుతవు, జరీ చీర కొన్నంక దిగుదువు తియ్ అన్న. ఇప్పుడు దండ ఎయ్యనీకి ఫోటో లేదు.”

“అందరు తెలిసే నన్ను ఆమె జాగల నిలవెట్టిన్రు,” అంది సింధూజ. ఆ మూట ముట్టుకోకుండా బస్సెక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. ఆమె పక్క సీటు మాత్రం ఖాళీగానే వచ్చింది లింబాయత్ దాకా. నిలబడ్డవాళ్లు ఒకరినొకరు తోసుకున్నారు గానీ అందులో కూర్చోలేదు.

ఇంటికొచ్చి రాంప్రసాద్‌కు ఫోన్ చేసింది. “భాగీరథి ఎవరు?”

కెనడా అంత దూరం నుంచి చిన్న గొంతు. “నీకు గూడ కనవడ్డదా?”

“లేదు. బస్సుల నా పక్కకు కూసున్నది.”

“నా పక్కకు గూడ ఎవ్వరు కూసోరు సింధూ. ఎంత రష్ ఉన్నా.”

ఆమెకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. “నిజం రాయాలె. ఆమె పేరు, ఆమె పోయిన కాయితం, అబద్ధం ఎందుకు చెప్పినవో నీ చేతి రాత. అన్ని పంపు.”

“రాస్తె నిన్ను పిలుస్తరో, పిలువరో!”

“పిలువకుంటె మానె. గింత ఖాళీ నడుమ పెట్టుకొని నేను రాను.”

ఈ సంగతంతా రాజమౌళికి చెప్పేసరికి ఆయన చెవుడు కాసేపు నయమైంది. లేచి వియ్యపురాలి మీదికి వెళ్తానన్నాడు. కూతురు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, “చీర కొనియ్యి బాపూ. జరీది,” అంది.

ఎల్లవ్వ ఆ చీర భాగీరథి పేరిట పెట్టి, ఆ పుస్తెను కోడలి తాడులో గుచ్చింది. గుచ్చుతున్నప్పుడు సింధూజ మెడ వెనక చల్లటి వేళ్లు ముడి సర్దాయి. ఎల్లవ్వ చేతులు రెండూ ముందరే ఉన్నాయి.

బ్రహ్మచారి అవే నెగెటివ్‌లు మళ్లీ వేశాడు. పీటల మీద ఇద్దరూ భుజం భుజం రాసుకుని కూర్చున్నారు. డుమస్ దగ్గర రాంప్రసాద్ చెయ్యి సింధూజ భుజం మీదే ఉంది. అంతా బాగుంది. పెళ్లినాడు ఆమె తాడుకున్నవి రెండే పుస్తెలు. ఫోటోలో మూడున్నాయి.

“నేనైతే ఏం మార్వలె,” అన్నాడు బ్రహ్మచారి, ఎవరూ అడగకుండానే.

సింధూజ ప్రతి ఫోటో వెనకా తన పేరు, మొగుడి పేరు, కింద భాగీరథి పేరూ వరసా రాసింది. జయదేవ్ లబోదిబోమన్నాడు. “లేని మనిషి పేరెందుకమ్మా! చేతులారా కొంప ముంచుకుంటున్నావు.”

“ఉన్నది సార్. పంపున్రి.”

వానలు పోయాయి, పతంగులు ఎగిరి తీగలకు చిక్కి చిరిగాయి. అధికారి రాంప్రసాద్‌ను అబద్ధానికి సంజాయిషీ అడిగాడు, గట్టిగానే అడిగాడు. ఫోటోల వెనక మూడో పేరు గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఎండలు ముదిరేసరికి సరేనన్నాడు. వీసాకు కొత్త ఫోటో ఒకటి పంపమన్నాడు.

బ్రహ్మచారి స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలో కన్ను పెట్టాడు.

“నడుమకు జరుగు బిడ్డా. ఒక్క అంచుకు కూసున్నవు, సగం స్టూలు ఖాళీగుంది.”

సింధూజ పక్కకు చూసింది. ఏమీ కనబడలేదు. అయినా కదల్లేదు.

“గిట్లనే తియ్యి కాకా. నేను జరిగితె ఆమె కింద పడ్తది.”

బ్రహ్మచారి బొత్తాం నొక్కాడు. ఫ్లాష్ వెలిగింది. మిట్టమధ్యాహ్నం, పక్క సందులో కోడి కూసింది.