సుబేదారుగారి సుద్దగీత

ఢిల్లీ దగ్గర మానేసర్ అవతల, కొలిముల లోపల పేర్చే ఇటుకలు చేసే ఆ ఫ్యాక్టరీలో నాగభూషణం సుద్దగీత పడందే ఒక్క ప్యాలెట్ కూడా గేటు దాటదు. ఇది కంపెనీ రాసిపెట్టిన రూలేం కాదు. ఢిల్లీ కంటోన్మెంటు డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు సామాను తనిఖీ చేసి, సుబేదారుగా రిటైరైన మనిషి తనతో తెచ్చుకున్న అలవాటు. చెక్క ప్యాలెట్ మీద ఒకటిన్నర టన్నుల ఇటుకలు పేర్చి, వరసకీ వరసకీ మధ్య అట్ట వేసి, చుట్టూ ఇనుప పట్టీలు బిగిస్తారు. ఆయన వచ్చి పట్టీని గోటితో మీటి, తల పక్కకి వంచి వింటాడు. ఖంగుమంటే అడుగుచెక్క మీద తెల్లగా ఓ టిక్కు కొడతాడు. లేదంటే మళ్లీ కట్టాల్సిందే, ఆయన దగ్గర బతిమాలుకోవడాలు సాగవు.

పదకొండేళ్లు ఇలాగే గడిచాయి. ఈ వేసవిలో ఒడిశా వెళ్లిన మూడు ప్యాలెట్లు దిగేసరికి కుప్పకూలి ఉన్నాయి. కొన్నవాళ్లు ఫోటోలు పంపారు. పట్టీలు దండల్లా వేలాడుతున్నాయి, ఇటుకలు ముక్కలు ముక్కలు, ఆ ముక్కల మధ్య అడుగుచెక్క మీద సుద్దగీత మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఫోటో ఆఫీసులో అందరి ఫోన్లలోకీ పాకింది. ఒక్కరూ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. అదే ఆయనకి ఎక్కడలేని కోపం తెప్పించింది.

"డ్రైవరు గుంతల్లో ఎగరేసుకుంటా పోతే పట్టీ ఏం చేస్తుందండీ?" అన్నాడు మేనేజరుతో. పెద్దమనిషి మాట కదా, చెల్లింది. రఘువీర్ అనే ఆ డ్రైవరుకి రెండు వారాలు బండి ఇవ్వలేదు.

అయినా మేనేజరు ఊరుకోక కిరణ్మయిని పిలిచాడు. ఆమె ప్యాకింగు చూసే ఇంజనీరు. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో అధికారి, ఢిల్లీ ఆర్.కె.పురం సర్కారు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం సగం హిందీ. ఆమె ఆకుపచ్చటి పాలిస్టర్ పట్టీ చుట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. నాగభూషణం దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఏంటమ్మాయ్ ఇది, పట్టీనా? మంచం నవారా?"

"నవారే అనుకోండి అంకుల్," అంది ఆమె నవ్వుతూ. "మనం కూర్చుంటే సాగుతుంది, లేస్తే వాపస్ బిగుస్తుంది, హై నా? దారిలో అట్టలు నలిగి లోడ్ కిందికి దిగుతుంది. స్టీల్ సాగదు కదా, అందుకే అక్కడే ఢీలా పడిపోతుంది. దీన్ని సాగదీసి కడతాం. లోడ్ దిగితే ఇది కూడా దాంతోపాటే బిగుస్తుంది."

బ్యాటరీ మిషనుతో ఒక ప్యాలెట్‌కి కట్టి చూపించింది. ఆయన మీటాడు. తప్‌మంది. పలకని పట్టీని నమ్మమంటే ఎలా? పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆయన. చివరికి పందెం దాకా వచ్చింది. ఒకే ట్రక్కులో రెండు ప్యాలెట్లు, ఒకటి ఆయన ఇనుముతో, ఒకటి ఆమె పాలిస్టరుతో, జైపూర్ వెళ్లి రావాలి. ఇనుము బిగువుగా తిరిగొస్తే ఇనుమే ఉంటుంది, ఒడిశా వాళ్ల కొత్త లోడూ దాంతోనే పోతుంది.

"వదులైతే ఈ సుద్దముక్క నీ చేతిలో పెట్టి ఇంటికి పోతా," అన్నాడు నాగభూషణం. తన ప్యాలెట్ తానే కట్టి, ఖంగుమనిపించి, టిక్కు కొట్టాడు.

ట్రక్కు మర్నాడు పొద్దున ఏడింటికి తిరిగొచ్చింది. తోలుకొచ్చింది రెండు వారాల శిక్ష తీరిన రఘువీరే. బండి షెడ్డులో పెట్టి టీకి పోయాడు. కిరణ్మయి క్యాబు రావడానికి ఇంకా రెండు గంటలుంది. నాగభూషణం ట్రక్కెక్కి తన పట్టీని మీటాడు. డబ్‌మంది. ఇటుకలకీ పట్టీకీ మధ్య పిడికిలి పెట్టి చూస్తే మణికట్టు దాకా దూరింది. పక్కనున్న ఆకుపచ్చ పట్టీ కింద చిటికెనవేలు కూడా దూరలేదు.

ఆయన ఇటుకల మీద చతికిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఫోటోలో చెక్క మీదున్న గీత అబద్ధమని ఇప్పుడు తన చెయ్యే చెప్పింది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన లేచి నాలుగు పట్టీలూ కత్తిరించి, స్క్రాపు డబ్బాలో అడుగున దాచేశాడు. కొత్తవి తెచ్చి బిగించి, కొసలు కలిపే రేకు సీళ్లు నొక్కాడు. కొత్త ఇనుము మెరుస్తుంది కాబట్టి ట్రక్కు నేల మీది దుమ్ము తీసి పులిమాడు. డిపోలో ఇలాంటివాళ్లని ఎంతమందిని పట్టుకున్నాడో లెక్కలేదు. ఆ విద్య ఇన్నాళ్లకి సొంతానికి పనికొచ్చింది.

కిరణ్మయి వచ్చి, ఆయన నేర్పినట్టే గోటితో మీటి, తల పక్కకి వంచి వింది. ఖంగుమంది. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. సీలు వైపూ చూడలేదు, దుమ్ము వైపూ చూడలేదు.

"మై హార్ గయీ అంకుల్, ఓడిపోయా. నా లెక్కే తప్పు. స్టీల్‌తోనే పంపిద్దాం, మెయిల్ పెట్టేస్తాను," అంది ఫోను తీస్తూ.

ఆయన బానే ఉందన్నట్టు తలూపాడు. గెలిచిన సంతోషం కోసం కాసేపు ఎదురుచూశాడు కూడా. అది రాలేదు.

అంతలో రఘువీర్ మూడు గ్లాసుల టీతో వచ్చాడు. ఒడిశా లోడు మళ్లీ నీదే, ఇనుప పట్టీలతోనే పోతుందని కిరణ్మయి చెబితే సంబరపడిపోయాడు. ట్రక్కులో మొదటి ప్యాలెట్‌కీ క్యాబిన్ వెనక గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. క్యాబిన్ లోపల ఆ గోడకి ఆనించే అతని పడక, ఇటుకలు ముందుకి కూలితే మొదట తగిలేది దానికే.

"భయం లేదా భయ్యా, పోయినసారి అలా అయింది కదా?" అని ఆమె హిందీలో అడిగింది.

"సూబేదార్ సాబ్ కా టిక్ హై, ఫిర్ డర్ కైసా?" అన్నాడు రఘువీర్, సుబేదారుగారి టిక్కు ఉండగా భయమెందుకని. ఇంతటితో ఊరుకున్నా బాగుండేది. పోయినసారి తప్పు నాదే దీదీ, అన్నాడు. టిక్కు పడ్డాక పట్టీ వదులు కాదు కదా, నేనే ఎక్కడో గుంతలో జోరుగా దించి ఉంటాను, ఎక్కడో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, అన్నాడు.

నాగభూషణం టీ గ్లాసు ట్రక్కు అంచు మీద పెట్టేశాడు.

"మెయిలు పంపావా అమ్మాయ్?"

"టైప్ చేస్తున్నా అంకుల్."

"ఆపు."

జేబురుమాలు తీసి సీసాలో నీళ్లతో తడిపాడు. అడుగుచెక్క మీది టిక్కుని తుడిచాడు. సుద్ద తడిసి తెల్లగా అలుక్కుంటే మళ్లీ తుడిచాడు. చెక్క రంగు కనబడేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

"ఈ పట్టీలు పొద్దున కట్టినవి. జైపూర్ వెళ్లొచ్చినవి స్క్రాపు డబ్బాలో అడుగునున్నాయి, తీయించి చూసుకో. వదులైపోయినయ్. పిడికిలి పట్టేసింది," అన్నాడు. "ఒడిశాలో పడ్డ మూడూ అంతే. డ్రైవరు తప్పేం లేదు. మెయిల్లో అది ముందు రాయి."

రఘువీర్‌కి తెలుగు రాదు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయనే తిరిగి మొత్తం హిందీలో చెప్పాడు, ఒక్క ముక్క దాచుకోకుండా. రఘువీర్ తుడిచేసిన తడిచెక్కని వేలితో తడిమాడు.

"తో గడ్డా థా హీ నహీ," అన్నాడు. అసలు గుంతే లేదన్నమాట.

నాగభూషణం జేబులోంచి సుద్దముక్క తీశాడు. పందెం ప్రకారం కిరణ్మయికి ఇస్తాడనుకుని ఆమె చెయ్యి చాపబోయింది. ఆయన దాన్ని రఘువీర్ చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ పట్టీ కట్టిన ప్యాలెట్ చూపించి, నువ్వే చూసుకో, నీ వీపు వెనకే కదా ఉండేది, అన్నాడు.

రఘువీర్ పట్టీని మీటలేదు. కింద పిడికిలి దూర్చబోయాడు, పట్టలేదు. రెండు వేళ్లు, తర్వాత ఒక్క వేలు. నాలుగు పట్టీలూ అలాగే చూసి, వంగి, చెక్క మీద గీత గీశాడు. అది వంకరగా పడింది. నాగభూషణం దాన్ని సరిచెయ్యలేదు.