ప్రభుత్వం తడవదు

తుంగభద్ర పొంగి కర్నూలు మునిగిన పదహైదో ఏడు జరిగింది ఇది. మా గేరిలో ఏ గడపలోనైనా లెక్కంతా అట్లాగే ఉంటుంది. ఫలానా పిల్ల ఎప్పుడు పుట్టిందంటే మునిగిన మూడో ఏడు అంటారు. నా భార్య సిద్దమ్మ పోయింది మునిగిన ఆరో ఏడు.

నా పేరు బొజ్జన్న. బండలు పరిచే మేస్త్రిని. బేతంచెర్ల బండ ఎక్కడ పగులుతుందో వేలితో కొట్టి చెప్పగలను. మూడో తరగతితో బడి అయిపోయింది. మాటలు తక్కువ. అయినా ఇరవై ఏళ్ళు నాటకాలాడాను. అన్నీ హనుమేష్ రాసినవే.

హనుమేష్‌ది పత్తికొండ. నాకంటే పదేళ్ళు చిన్న. కర్నూలుకు చదువుకోవడానికి వచ్చి ఎర్రజెండా పట్టుకున్నాడు. భుజాన ఒక జోలె, అందులో ఒక నోటుబుక్కు. మా ఇంటి అరుగు మీద కూర్చుని మేము మాట్లాడుకునేది రాసుకునేవాడు. రాసింది మళ్ళీ నాకే చదివి వినిపించేవాడు. నాకు నవ్వు తొందరగా రాదు. అందుకే నేనే కావాలనేవాడు.

"నువ్వు నవ్వితే బండ నవ్వినట్లేనన్నా. ఇంక ఊరు నవ్వకుండా యాడికి పోతాది?"

నేను నవ్వని మాట మీద అక్కడికక్కడే పెన్నుతో గీత కొట్టేవాడు. ఎంత కష్టపడి రాసినా సరే కొట్టేసేవాడు. ఆ రోజుల్లో ఆ మనిషంటే నాకు గౌరవం ఉండింది. అది ఉన్న మాట, అందుకే చెప్తున్నాను.

మునిగిన ఏడు నేను రెండు రోజులు నీళ్ళలోనే ఉన్నాను. సిద్దమ్మను, పక్కింటి గుల్షన్ బీని, ఆమె అత్తను మసీదు మిద్దె మీదికి ఎక్కించాను. ఇంకా ఎవరెవరినో ఎక్కించాను, చీకట్లో ముఖాలు తెలియలేదు. మూడో రోజు బడి దగ్గర బియ్యం ఇస్తున్నారంటే పోయి వరసలో నిలబడ్డాను. ఒంటి మీద తడి బట్టలే. మిగతావి బురదలో ఉన్నాయి. ఒక గుమాస్తా, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, రిజిస్టరు తెరిచి, "ఇల్లు మునిగిందనేదానికి రుజువేముండాది?" అన్నాడు.

భుజం మీది తువ్వాలు తీసి వాని రిజిస్టరు మీద పిండాను.

హనుమేష్ నా వెనకే నిలబడి ఉన్నాడు. నెల తిరగకముందే అది నాటకమైంది. ఆడేది మేమిద్దరమే. నేను నేనే. వాడు గుమాస్తా. నేను తువ్వాలు పిండుతాను.

"ఏందిది?" అంటాడు వాడు.

"రుజువు సార్."

"ఇది చాలదు. ఇంకో ఇద్దరు తడిసినోళ్ళను సాక్షికి పిల్చుకోని రా."

"ఊరంతా తడిసిందే సార్. పొడిగా ఉండేది నువ్వొక్కడివే."

"నేను ప్రభుత్వమప్పా. ప్రభుత్వం తడవదు."

ఆ మాట అని చొక్కా కాలరు దులుపుకునేవాడు. ఇండ్లు పోయినవాళ్ళు, గోడలకు ఇంకా బురద చార ఆరనివాళ్ళు, కడుపు పట్టుకుని నవ్వారు. కర్నూల్లో ఆడాం, కడపలో ఆడాం, రెండు వందల చోట్ల ఆడాం. ఒకసారి వేంపల్లె నుంచి వస్తుంటే బస్సులో హనుమేష్ నిద్రపోతున్నాడు. చెవి దగ్గర "రుజువు సార్" అన్నాను. కళ్ళు మూసుకునే మిగతాదంతా ఒప్పజెప్పాడు, కాలరు కూడా దులుపుకున్నాడు. బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

తర్వాత హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి నాటకం చూశారు. హనుమేష్ సినిమాలకు పోయాడు. పోనీలే అనుకున్నాం. మునిగిన నాలుగో ఏడు సినిమా వచ్చింది. అందులో నా పేరుతోనే ఒక మనిషి ఉన్నాడని తెలిసి సిద్దమ్మ కొత్త చీర కట్టుకుని నాతో వచ్చింది. గేరి గేరంతా వచ్చింది.

వరద సీను వచ్చింది. బియ్యం ఇచ్చేచోట జనం. గోడ చాటున ఒకడు, పొడి బట్టల్లో. కుండెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని వచ్చి వరసలో దూరాడు. "తడుపుకోని వచ్చినా సామీ, ఇంకో మూట ఇయ్యి!" అన్నాడు, మా మాటను వంకర తిప్పి, ముక్కుతో. హాలు ఊగిపోయింది.

నేనూ నవ్వాను. అలవాటు. హనుమేష్ రాసింది కదా, నవ్వు దానంతట అదే వచ్చింది. అప్పుడు గుమాస్తా వాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. "రారా బొజ్జన్నా." సిద్దమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ తర్వాత మా గేరికి పేరొచ్చింది. తడుపుకున్నోళ్ళ గేరి. ఆటోవాళ్ళు అట్లా అంటేనే గుర్తుపట్టేవాళ్ళు. రేషను అంగడి దగ్గర ఎవడో సిద్దమ్మను, "ఏమ్మా, కుండ తెచ్చుకోలేదా?" అన్నాడంట. ఆమె మళ్ళీ ఏ వరసలోనూ నిలబడలేదు. జ్వరంతో పెద్దాసుపత్రికి తీసుకుపోతే అక్కడ చీటీల వరస చూసి వెనక్కి తిరిగింది. "నాకేం కాలేదు, ఇంటికి పోదాం పా," అంది. రెండు రోజులకు పోయింది.

హనుమేష్ మాత్రం పైకి పోయాడు. ఎన్నికలొస్తే ఒక పార్టీకి హాస్య నాటికలు రాశాడు. అందులో కుండ మనిషి ఎదుటి పార్టీకి ఓటేసేవాడు. ఐదేళ్ళకు హనుమేషే ఎదుటి పార్టీకి పోయాడు. కుండ మనిషి ఇప్పుడు మొదటి పార్టీవాడైపోయాడు. ఆ తర్వాత మళ్ళీ మారాడు. పార్టీల పేర్లు చెప్పను. చెప్తే ఏదో ఒకదాని తప్పు అనుకుంటారు. వాని జెండా ఎన్నిసార్లు మారినా కుండ మారలేదు. కుండ కింద ఉన్నది ఎప్పుడూ మేమే.

అట్లాంటివాడు పదహైదో ఏడు మా గేరికి కారులో వచ్చాడు. జుట్టుకు నల్లరంగు, మెడలో కండువా.

"ఏమన్నా, ఇంకా బండల్తోనే మాట్లాడుతాండావా?"

"అవి మాట మార్చవు," అన్నాను.

గుల్షన్ బీ బొంత కుడుతూ తన గడప మీద కూర్చుని ఉంది. ఆమెకు నోరెక్కువ. "రా హనుమేషూ. ఈ తూరి ఏ జెండానో ముందు చెప్పు నాయనా. దానికి తగ్గట్ల సలాం చేస్తా," అంది.

హనుమేష్ నవ్వాడు. వచ్చిన పని చెప్పాడు. రెండు వారాల్లో కర్నూల్లో పెద్ద సభ. మంత్రి వస్తాడు. మంత్రి ముందర వరద నాటిక ఆడాలి, అసలు బొజ్జన్నే ఆడితే పేపర్లోకి ఎక్కుతుంది. నాటకాలవాళ్ళకు సర్కారు ఇచ్చే పదవి ఒకటి ఖాళీగా ఉంది. అది వానికి రావాలి.

నేను లేచి లోపలికి పోబోయాను. వాడు వెనకనుంచి అన్నాడు. "మీ పట్టాల అర్జీ సంగతి నాకు తెలుసన్నా. నాటిక అయితానే నీ చేత్తోనే మంత్రి చేతికి ఇప్పిస్తా. స్టేజీ మీదనే."

కాళ్ళు ఆగాయి. మా గేరిలో ముప్పై ఏడిండ్లు కూలాయి ఆ వరదలో. జాగా ఇస్తామని, పట్టాలిస్తామని రాసుకుపోయారు. పదహైదేళ్ళుగా తిరుగుతున్నాం. తిరిగే ఆఫీసు నేల నేను పరిచిందే. కడిగిన నీళ్ళు కిటికీ కింది తూములోకి పోవాలని అటువైపు వాటం పెట్టాను. ఆ తర్వాత అక్కడి గుమాస్తా గాలి కోసం తన బల్లను కిటికీ దగ్గర వేసుకున్నాడు. అంతకుముందు నెల నేను, గుల్షన్ బీ పోతే వాడు తలెత్తకుండానే, "ఏందమ్మా, ఈ తూరి తడుపుకోని రాలేదే?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అర్జీ తీసుకోలేదు.

గుల్షన్ బీ సూది ఆపి నా వైపు చూసింది. "ఒక్క తూరి అన్నా. మంత్రి చేతిలో పడితే సాలు," అంది మెల్లగా.

సరే అన్నాను.

సభకు ముందు రోజు అరుగు మీద కూర్చుని హనుమేష్ నాటిక చదివాడు. వాడు గుమాస్తా. నేను కుండ కుమ్మరించుకుని వస్తాను. తడుపుకోని వచ్చినా సామీ అంటాను. వాడు నా దొంగతనం పట్టుకుంటాడు. పట్టుకుని కూడా మూట ఇస్తాడు. "అబద్ధమాడినోనికి కూడా అన్నం పెట్టే ప్రభుత్వం మాది," అంటాడు. చప్పట్లు.

చదివి నా ముఖం చూశాడు. పాత అలవాటు. నేను నవ్వలేదు. పెన్ను జేబులోనే ఉంది వానికి. తీయలేదు. పేజీ తిప్పాడు.

"నేను నవ్వలేదప్పా," అన్నాను.

"నువ్వు నవ్వే పనిలేదన్నా. నవ్వేటోళ్ళను లారీల్లో తోలుకొస్తాండారు."

"పాతది ఆడదాం."

"పాతది ఆడితే పదవి యాడిది? నన్ను గేటు దాటి లోపలికి కూడా రానియ్యరు."

"సిద్దమ్మ సచ్చేదాకా ఏ వరసలోనూ నిలబడలేదు."

"అది సినిమా అన్నా. ప్రేమతోనే కదా నీ పేరు పెట్టుకున్నా," అన్నాడు.

నా చేతిలో సుత్తి లేదు. ఉంటే ఏం చేసేవాడినో.

మర్నాడు సాయంత్రం సభ. లారీల్లో దించిన జనంలో మా గేరివాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టారు. నవ్వాల్సిన చోట కండువావాళ్ళు చెయ్యి ఊపుతారని చెప్పి పెట్టారు. గుల్షన్ బీ అర్జీని కొంగులో పెట్టుకుని కూర్చుంది. స్టేజీ మీద మంత్రి, పక్కన పెద్దవాళ్ళు. హనుమేష్ బల్ల దగ్గర రిజిస్టరుతో కూర్చున్నాడు. నేను తెర పక్క కుండతో నిలబడ్డాను.

కుమ్మరించుకోవాలి. కుండ పైకెత్తాను. అక్కడినుంచి గుల్షన్ బీ కనబడింది. నన్ను చూడటం లేదు. తల వంచుకుని కాళ్ళు చూసుకుంటోంది. గేరంతా అట్లాగే ఉంది, తలలు వంచుకుని. సిద్దమ్మ బతికి ఉంటే వచ్చేదే కాదు అనిపించింది. మేము దొంగలమని మంత్రి ముందర ఆడి చూపించి, వెంటనే మా ఇండ్లు నిజంగానే కూలాయని అర్జీ ఇయ్యాలా? అది తీసుకునేవాడు దాన్ని నమ్ముతాడా? ఇంత చిన్న సంగతి నాకు ముందు రోజు అరుగు మీద కూడా తట్టలేదు. నా మీద నాకే మండింది.

కుండ కింద పెట్టాను. తువ్వాలు అందులో ముంచాను. పొడి బట్టలతోనే పోయి వాని రిజిస్టరు మీద పిండాను.

హనుమేష్ ఉలిక్కిపడ్డాడు. "ఏందిది?" అన్నాడు, మైకులో.

"రుజువు సార్."

వాని కళ్ళు బెదిరాయి. నోరు మాత్రం ఆగలేదు. "ఇది చాలదు. ఇంకో ఇద్దరు తడిసినోళ్ళను సాక్షికి పిల్చుకోని రా."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. తలలు లేచాయి. ఆ నవ్వు వాని చెవిన పడింది. చెయ్యి ఊపకుండా వచ్చిన నవ్వు వాడు విని ఎన్నేళ్ళయిందో. వాని ముఖం మారింది. బస్సులో నిద్రపోయిన ముఖం అయింది.

"ఊరంతా తడిసిందే సార్," అన్నాను. "పొడిగా ఉండేది నువ్వొక్కడివే."

హనుమేష్ కాలరు మీద చెయ్యి వేశాడు.

"నేను ప్రభుత్వమప్పా," అన్నాడు. "ప్రభుత్వం తడవదు."

మైదానం పేలిపోయింది. మా గేరే కాదు, లారీల్లో వచ్చినవాళ్ళంతా నవ్వారు. వాడు కాలరు దులుపుకుంటూ ఉండగానే మంత్రి ముఖం చూశాడు. చెయ్యి కాలరు దగ్గరే ఆగిపోయింది. ఎవరో మైకు ఆపేశారు. మంత్రి లేచి ఫోను చూసుకుంటూ వెనకవైపు దిగిపోయాడు. మా అర్జీ కొంగులోనే ఉండిపోయింది.

తెర వెనక హనుమేష్ నా చొక్కా పట్టుకున్నాడు.

"నన్ను ముంచినావు కదన్నా! ఒక కంచంలో తిని, ఇన్నేండ్లు కలిసి తిరిగి, నన్ను ముంచినావు!"

"రుజువేముండాది?" అన్నాను.

చొక్కా వదిలేశాడు. ఒక్క క్షణం నవ్వబోయాడు, నాటకంలో ఆ మాట వానిదే కాబట్టి. నవ్వలేకపోయాడు. నేను కూడా నవ్వలేదు. కుండ అక్కడే వదిలి ఇంటికొచ్చాను.

గుల్షన్ బీ తిడుతుందనుకున్నాను. గడప మీద కూర్చుని ఉంది. "అర్జీ పాయ," అంది. కొంగులో ఉన్న కాగితం తడిమి, "పోతే పోనీ. నా అత్త ఉండి ఉంటే ఎంత నవ్వేదో," అంది. తర్వాత, "రేపు ఆఫీసుకు పోదామా అన్నా? మళ్ళా వాడు అదే మాట అంటాడు," అంది.

"అననీ," అన్నాను.

తెల్లారి లేచి తుంగభద్రకు పోయాను. చొక్కా, పంచె, తువ్వాలు అన్నిటితో గొంతు దాకా దిగి మునిగాను. మూడుసార్లు మునిగాను. పిండుకోకుండా అట్లాగే ఊరి మధ్యలో నడిచాను. ఆటోవాళ్ళు చూశారు. టీ అంగడి దగ్గర ఒకడు ఏదో అనబోయి నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆఫీసు మెట్ల దగ్గర గుల్షన్ బీ అర్జీతో నిలబడి ఉంది. ఆమెకు దూరంగా నడిచాను, కాగితం తడవకుండా.

వరసలో నిలబడ్డాను. మా వంతు వచ్చింది. గుమాస్తా తలెత్తాడు.

"ఏంది పెద్దాయనా, తడుపుకోని వచ్చినావా?"

"ఔ," అన్నాను. "అర్జీ తీసుకోని రసీదు ఇయ్యి. ఇచ్చేదాకా ఈడే నిలబడి కారుతాంటా."

గుల్షన్ బీ పొడి కాగితాన్ని బల్ల మీద పెట్టింది. వాడు ముట్టుకోలేదు. నేను కదల్లేదు. పంచె నుంచి నీళ్ళు బండల మీదికి జారి, వాటం చూసుకుని, బల్ల కిందికి పోయాయి. వాడు కుర్చీలోనే కాళ్ళు పైకెత్తుకున్నాడు.