మూడో కప్పు

ప్యాకెట్ సూపులు చేసే కంపెనీలో ఆమెది రుచి చూసే ఉద్యోగం. రవ్వంత ఉప్పు ఎక్కువైనా ఆమె నాలుక పట్టేసేది. అందుకే ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ఉప్పక్క అనేవారు.

మూడేళ్ల కిందట ఆహార కంపెనీలన్నీ కూడబలుక్కుని, తమ సరుకుల్లో ఉప్పు తామే తగ్గిస్తామని మాట ఇచ్చాయి. చట్టమేమీ లేదు, ఒట్టి మాట. ఆ పని ఉప్పక్క నెత్తిన పడింది. ఒక్కసారిగా తగ్గిస్తే జనం చప్పగా ఉందని మొహం తిప్పుకుంటారు. అందుకని ఆమె ఆర్నెల్లకోసారి చిటికెడు చిటికెడుగా తగ్గించుకుంటూ వచ్చింది. మూడో వంతు ఉప్పు పోయినా ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఆ సంగతి చెప్పుకున్నప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోయేది.

ఆ మధ్యే ఆమె అన్నయ్యకు గుండె జబ్బు బయటపడింది. ఉప్పు తగ్గించకపోతే ఒంటికి నీరు పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాతికేళ్లు లారీ నడిపి, దారిలో దొరికిందల్లా తిన్న మనిషికి చప్పిడి తిండి గొంతు దిగలేదు. కంచం ముందు అలిగి కూర్చునేవాడు. ఉప్పక్క తమ ప్యాకెట్ వెనక అంకెలు డాక్టరుకు చూపించి, రోజుకు రెండు కప్పులైతే ఫర్వాలేదనిపించుకుంది. వదినకు కళ్లు మూసుకుని పెట్టమని చెప్పింది.

మాట నిలబెట్టుకోని పక్క కంపెనీ సూపులు బాగా అమ్ముడుపోవడం మొదలైంది. కొత్త మేనేజరు పన్నెండు మంది రుచి చూసేవాళ్లను కూర్చోబెట్టి, పేరూ ఊరూ లేని మూడు కప్పులు ముందు పెట్టించాడు. కాగితం మీద ఒకటే ప్రశ్న: ఏది బాగుంది? మూడో కప్పు తాగగానే ఉప్పక్కకు ప్రాణం లేచొచ్చింది. ఉప్పు దండిగా ఉంది, పక్క కంపెనీది కాబోలు అనుకుంది. అబద్ధం రాయడం చేతకాక మూడో దానికే టిక్కు పెట్టింది. పన్నెండు మందీ అదే పెట్టారు.

ఆ తర్వాత ఆమెను రెండు నెలలు బిస్కెట్ల విభాగానికి పంపారు. తిరిగొచ్చిన రోజు సూప్ నోట్లో పోసుకుని బిగుసుకుపోయింది. అది ఆనాటి మూడో కప్పు రుచే. పరుగున వెళ్లి మేనేజరును అడిగింది.

"మాట ఇచ్చాం గానీ, సంతకం పెట్టలేదు కదమ్మా," అన్నాడతను. "వెనక అంకె మార్చాం. చదివేవాళ్లు చదువుకుంటారు."

సరుకు బజారుకు వెళ్లి ఎన్నాళ్లయిందని అడిగితే నెల దాటిందన్నాడు.

ఏప్రన్ విప్పకుండానే ఆమె అన్నయ్య ఇంటికి పరిగెత్తింది. పడుకుంటే ఆయాసం వస్తోందని అతను వారం రోజులుగా కుర్చీలోనే నిద్రపోతున్నాడట. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చెల్లెల్ని చూసి నవ్వాడు.

"ఈమధ్య మీ సూప్ భలే ఉంటోందే. వదిన్ని బతిమాలి మూడో కప్పు కూడా పోయించుకుంటున్నా."

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిది రోజులకు ప్రాణం పోయింది.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఉప్పక్క వదిన దగ్గర కూర్చుని, తను పెట్టిన టిక్కుతో సహా అంతా చెప్పేసింది. వదిన కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ అంకెలు నేనెప్పుడూ చదవలేదు. నువ్వున్నావుగా అని," అంది.

మర్నాడు ఉప్పక్క పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. అతను రెండింటినీ తిప్పి చూసి, రోగులు కూర్చునే గది గోడకు పక్కపక్కనే అంటించమన్నాడు. ఆమే అంటించింది. వారం తిరిగేసరికి ఆమె ఉద్యోగం ఊడింది. ఆ గోడ దగ్గర ఆగి అంకెలు చదివేవాళ్లు కొందరున్నారని నర్సు చెప్పింది. వదిన మాత్రం ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.