దొన్ ఎవారిస్తో పరుపు

మే నెల వచ్చి మంచు పడడం ఆగిందంటే చాలు, వల్దెసెరా ఊళ్లో లెయాంద్రోకి చేతినిండా పని. పొద్దున్నే రెండు బాదం బెత్తాలు చంకలో పెట్టుకుని, ఎవరు కబురు పెడితే వాళ్లింటికి వెళ్లేవాడు. ఏడాదంతా ఒంటి బరువుకి అణిగి గడ్డకట్టిన ఉన్ని పరుపు అప్పటికే పెరట్లో పరిచి ఉండేది. కుట్లు విప్పి, ఉన్నిని రాతిచప్టా మీద పోసి, రెండు చేతులా ఫటఫటా బాదితే గడ్డలు విడిపోయి ఉన్ని పొంగేది. దుమ్ము లేచేది. దుమ్ముతో పాటే మాటలూ లేచేవి.

రాత్రిళ్లు దీపం ఆర్పాక మొగుడూ పెళ్లాలు ఆ పరుపు మీద చెప్పుకున్న మాటలే అవన్నీ, వాళ్ల గొంతుల్తోనే. "ఆ కాళ్లేంటి, ఐసుముక్కల్లా! అటు జరుగు." "మీ అమ్మకి నా వంటలో ఏ రోజు ఉప్పు సరిపోయింది గనక?" ఒక్కోసారి చెప్పుకోకూడనివి కూడా వచ్చేవి. అందుకే పరుపు దులిపే పూట ఇల్లాలు పిల్లల్ని పక్కింటికి తోలేసి, పెరటి తలుపు గడియ వేసి, తాను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేది. బయటికొచ్చిన మాట ఒక్కసారి వినబడి గాల్లో కలిసిపోయేది. మళ్లీ ఎంత బాదినా రాదు.

ఈ వృత్తికి ఉన్న కట్టుబాటు ఒక్కటే. విన్నది పెరటి గడప దాటకూడదు. తండ్రి సాతుర్నీనో నేర్పిన మాట అది. లెయాంద్రోకి పద్నాలుగేళ్లప్పుడే తండ్రి పోయాడు, ఇప్పుడు తనకి యాభై ఏడొచ్చాయి, ఇన్నేళ్లలో ఒక్కరి గుట్టు ఒక్కరికి చెప్పిన పాపాన పోలేదు. ఊరి గుట్టంతా వాడి కడుపులో ఉంది కాబట్టే అందరూ వాడికి ముందుగా నమస్కారం పెట్టేవాళ్లు. అది చూసుకుని వాడికి కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

కానీ పని తగ్గిపోతోంది. నియంత జనరల్ ఫ్రాంకో పోయి మూడేళ్లు దాటింది. స్పెయిన్‌కి కొత్త రాజ్యాంగం వచ్చింది. నలభై యేళ్ల పైచిలుకు తర్వాత ఆ ఏప్రిల్లోనే ఊరివాళ్లు తమ పంచాయతీని తామే ఎన్నుకున్నారు. పెద్ద వీధికి పాత పేరు మళ్లీ వచ్చింది. దాంతో పాటే పట్నం నుంచి లారీల్లో స్పాంజి పరుపులూ వచ్చాయి. తేలిక, దులపక్కర్లేదు, పైగా ఏమీ గుర్తుపెట్టుకోవు! గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కూడబలుక్కున్నట్టు ఒకటే పాట: పాతవి తవ్వొద్దు, ముందుకి చూద్దాం. జనం ముందుకి చూస్తూ ఉన్ని పరుపుల్ని తీసుకెళ్లి ఊరవతల చెత్తగుంటలో తగలబెట్టేస్తున్నారు. ఎంత హాయి! ఎవడు ఏం చేశాడో అడిగే దిక్కు లేకుండా పోతోంది.

అడిగే మనిషి ఒకావిడ మిగిలింది. లెయాంద్రో తల్లి బసిలీసా. ఎనభై నాలుగేళ్లు. పందొమ్మిది వందల ముప్పై ఆరు ఆగస్టులో, అంతర్యుద్ధం మొదలైన నెలకే, ఫ్రాంకో మనుషులు ఊళ్లో ఏడుగుర్ని లారీ ఎక్కించి తీసుకుపోయారు. ఏడోవాడు సాతుర్నీనో. ఎక్కడ చంపారో, ఎక్కడ పూడ్చారో చెప్పిన వాడు లేడు. బసిలీసా గుండె శరత్కాలం దాకా ఆగితే గొప్పేనని డాక్టరు అన్నాడు. ఆవిడకి మాత్రం ఒకటే పట్టు.

"నన్ను మీ నాన్న పక్కన పడుకోబెట్టరా. ఆయనెక్కడున్నాడో తేలేదాకా నేను పోను, ఆ డాక్టరుతో చెప్పు."

ఇలా ఉండగా ఒక శుక్రవారం దొన్యా విసిత నుంచి లెయాంద్రోకి కబురొచ్చింది. ఆవిడ దొన్ ఎవారిస్తో భార్య. దొన్, దొన్యా అని ఊళ్లో పెద్దింటివాళ్లనే అంటారు. లారీ ఎవరింటి ముందు ఆగాలో ఆ ఎండాకాలం నిర్ణయించింది ఎవారిస్తోయేనని ఊరంతా ఎరుగుదురు. తర్వాత ఇరవై ఆరేళ్లు ఆయనే ఊరి మేయరు. ఆ ముప్పై ఆరు తర్వాత తన పరుపు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. జనవరిలో పోయాడు. కూతురు అంపారో కొత్త పార్టీలో చేరి పంచాయతీ సభ్యురాలైంది. పట్నానికి వెళ్తూ తల్లికి గట్టిగా చెప్పి వెళ్లింది: స్పాంజి పరుపు తెస్తున్నాను, పాతది తగలబెట్టించు.

మేలురకం ఉన్నిని, పుట్టింటి నుంచి తెచ్చుకున్నదాన్ని, నిప్పుల్లో వెయ్యడానికి ఆవిడకి మనసొస్తుందా? వల్దెసెరాలో ఏ ముసలిదానికీ రాదు. పైగా మూడేళ్లుగా దొన్యా విసితకి చెవులు పూర్తిగా పోయాయి. తనకి వినబడనిది లోకంలో లేదని నమ్మకం వచ్చేసింది.

"రా లెయాంద్రో, రా!" అని చెవిటివాళ్లు అరిచినట్టే అరిచింది. "నలభై మూడేళ్లు రాళ్ల మీద పడుకున్నానురా. ముట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు ఆ మనిషి. ఇక చచ్చేలోగా ఒక్క రాత్రన్నా మెత్తగా పడుకుంటాను. అమ్మాయి ఒంటిగంట బస్సుకి దిగుతుంది, ఈలోగా కానిచ్చెయ్!"

లెయాంద్రో కుట్లు విప్పాడు. ఉన్ని పొరలు పొరలుగా గట్టిపడి ఉంది, పైన కొత్తవి, అడుగున పాతవి. మొదటి దెబ్బకి ముసలి దగ్గు వచ్చింది. తర్వాత, "జనరల్ పోయాడట విసితా, మన గతేం కాను?" ఆ కింద అంపారో పెళ్లి ఖర్చులు, ద్రాక్షకి పట్టిన తెగులు, కరువు, యుద్ధం. దొన్యా విసిత కుర్చీలో కూర్చుని ఎండకి కళ్లు మూసుకుంది. లెయాంద్రో అడుగు పొరని తిరగేసి బెత్తం వేశాడు.

వయసులో ఉన్న మగవాడి గొంతు లేచింది. "వసంతంలో ఈ పరుపు దులిపినప్పుడు మనం అనుకున్నవన్నీ విన్నాడు కదా ఆ సాతుర్నీనో. ఆరుగురి పేర్లూ విన్నాడు. ఎవడికన్నా చెప్పావా అని లారీ దగ్గర అడిగాను. లేదన్నాడు. వృత్తి కట్టుబాటట."

"చెప్పలేదు కదండీ, మరి అతన్నెందుకు?" పడుచు విసిత గొంతు.

"వాడు బతికుంటే నాకు నిద్రెలా పడుతుందే?"

లెయాంద్రో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాన్నకి తెలుసు. మే నెలలోనే తెలుసు. ఆరుగురూ ఆయనతో కలిసి సారాకొట్లో కూర్చునేవాళ్లే. ఒక్కమాట చెప్పి ఉంటే కొండదాటి పోయేవాళ్లు. చెప్పలేదు. ఆ కట్టుబాటునే కదా తాను ఇన్నేళ్లూ నెత్తిన పెట్టుకుని ఊరేగాడు!

పాతిపెట్టిన చోటు ఇంకా రాలేదు. ఇంకొక్క దెబ్బ వేస్తే వస్తుంది. వస్తే తానొక్కడే వింటాడు, ఆ మాట మళ్లీ రాదు. రేపు పంచాయతీలో ఎవారిస్తో కూతురు లేచి, ఒట్టి కల్పన అంటే తన వైపు సాక్ష్యం ఎవరు? వాడు బెత్తాలు కింద పెట్టేశాడు.

"ఏం, ఆపేశావే?" అంది దొన్యా విసిత కళ్లు తెరిచి.

"ఈ బెత్తాలు చాలట్లేదు అమ్మగారూ! గట్టివి తెస్తాను!" అని సైగలు కలిపి అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక పనిలో వాడు ఆడిన మొదటి అబద్ధం అదే.

బసిలీసా గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. లెయాంద్రో గడపలో ఆగి, "అమ్మా, ఎవారిస్తో పరుపు..." అన్నాడు.

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. "ఏం విన్నావు?"

"విన్నది చెప్పకూడదు కదమ్మా."

"మీ నాన్న నోరు మూసుకునే పోయాడు. నువ్వూ మూసుకో, నన్ను ఏ చెత్తగుంటలోనో పడేద్దువుగాని!"

"చెప్పను. నువ్వే వచ్చి విను. లే."

పావుగంట నడక ఆవిడకి గంట పట్టింది. దారి పొడుగునా చేతికర్రతో తలుపులు కొట్టుకుంటూ నడిచింది. మిగతా ఆరుగురి ఇళ్లకి గాను నాలుగిళ్లలో మనుషులు బయటికొచ్చారు. ఒకావిడ పిండిచేతుల్తోనే వచ్చింది. రెండిళ్లలో కిటికీ తెర కదిలింది గాని తలుపు తెరుచుకోలేదు. భయం పోవడానికి ఎన్నికలొక్కటే చాలవు కదా.

పెరట్లోకి ఒకరి వెనక ఒకరు వస్తున్న, సంతాపానికి నల్లబట్టలేసుకున్న ఆడవాళ్లని చూసి దొన్యా విసిత కుర్చీలోంచి సగం లేచింది.

"ఇదేంట్రా లెయాంద్రో? నా పరుపేమన్నా తిరునాళ్లా? పెరటి తలుపు వెయ్యి!"

వాడు వెయ్యలేదు. తల్లిని చప్టా పక్కన నిలబెట్టి, బెత్తాలు ఎత్తి బలంకొద్దీ బాదాడు.

"ఎక్కడ పెట్టారు?" అంది పడుచు విసిత.

"పాత సున్నపు బట్టీ వెనకాల, రాతికట్ట కింద. ఏడుగుర్నీ ఒకే గుంటలో. పైన సున్నం పోయించాను."

పిండిచేతులావిడ మొహం కప్పుకుని కూలబడింది. అప్పుడే తలుపు దగ్గర ఎవరో "నాన్నా!" అన్నారు. అంపారో. ఆవిడ వెనక ఒక కూలివాడు కొత్త స్పాంజి పరుపు మోసుకుని నిలబడ్డాడు. క్షణంలో తేరుకుంది.

"ఆపు లెయాంద్రో! ఏంటిది? అయిపోయినవన్నీ ఇప్పుడెందుకు? మనమంతా ఇప్పుడు ఒకటే కదా!"

"ఒకటేనమ్మా," అంది పిండిచేతులావిడ కిందనుంచే. "కాబట్టే ఆ ఏడుగుర్ని కూడా తెచ్చి కలుపుకుందాం."

లెయాంద్రో ఆగలేదు. ఉన్ని ఇంకా బరువుగా ఉంది, ఇంకా ఏదో ఉంది. మళ్లీ బాదాడు.

"పోయేముందు సాతుర్నీనో ఏమన్నా అన్నాడా?"

"ఆఁ. బసిలీసాకి చెప్పమన్నాడు. పిల్లాడికి ఈ పని వద్దు, వేరే పనేదైనా నేర్పించమన్నాడు."

"అయ్యో. రేపు పొద్దున రొట్టెల బట్టీ దగ్గర కనబడుతుందిగా, చెప్తానండీ."

"చెప్పి చూడు, నీ సంగతి తేలుస్తా!"

ఆ తర్వాత ఎంత కొట్టినా ఒట్టి దుమ్మే. ఉన్ని తెల్లగా, తేలిగ్గా పొంగి నిలబడింది. లెయాంద్రో భుజాలు కదులుతున్నాయి గాని ఏడుపు పైకి రావట్లేదు. తండ్రి చివరి మాట అది. అది వినక, ఆ తండ్రి పేరు నిలబెడుతున్నాననుకుంటూ వాడు నలభై మూడేళ్లు ఇదే పని చేశాడు.

దొన్యా విసిత ఒక్కొక్కరి మొహం చూస్తోంది. కూతురి మొహమూ చూసింది. పరుపు ఏం చెప్పేసిందో అప్పటికి అర్థమైంది ఆవిడకి.

బసిలీసా దగ్గరికెళ్లి, పెదవుల కదలిక కనబడేలా వంగింది. ఇన్నేళ్లుగా 'మీరు' తప్ప ఇంకోమాట అనని మనిషి.

"రోజూ రొట్టెల బట్టీ దగ్గర కనబడ్డాను నీకు. రోజూ నమస్కారం పెట్టాను. ఒక్కరోజు చెప్పలేకపోయావా?"

"ఆయనంటే భయం, బసిలీసా," అంది దొన్యా విసిత. మొదటిసారి ఆవిడ గొంతు చిన్నగా వచ్చింది.

"జనవరిలోనే పోయాడు కదా."

బసిలీసా కర్ర తిప్పుకుని తలుపు వైపు నడిచింది. అంపారో పక్కకి తప్పుకుంది.

"లెయాంద్రో! మరి ఈ పరుపు కుట్టేదెవరు?" అని వెనకనుంచి అరిచింది దొన్యా విసిత. ఇంకేం అరవాలో ఆవిడకి తెలియలేదు పాపం.

లెయాంద్రో పెరటి మూల గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని భుజాన వేసుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. ఎవరూ వద్దనలేదు.

"ఇంకెవర్నైనా చూసుకోండి అమ్మగారూ," అన్నాడు. ఆవిడకి వినబడదని తెలిసినా మామూలు గొంతుతోనే అన్నాడు. "నేనీ పని మానేశాను."