దారి ఉండాల్సిన చోట గోడ

నోయెల్ హెస్కెత్ ఇంగ్లండ్‌లో, లాంకషైర్ జిల్లాలోని ఒక చిన్న ఊరి కౌన్సిల్‌లో కొత్త కట్టడాల ప్లాన్లు చూసే అధికారి. ఊళ్లో ఏ కొత్త కాలనీ వచ్చినా ఎలా ఉండాలో చెప్పే నియమాల పుస్తకం రాసింది ఆయనే. గుమ్మాలు వీధిలోకి తెరుచుకోవాలి, పిల్లలు ఆడుకునే చోటు నాలుగు కిటికీల్లోంచి కనబడాలి, పాత వీధులూ కొత్త వీధులూ కలవాలి. ఇలా అరవై పేజీలు.

ఆ పుస్తకం ప్రకారం కట్టిన మొదటి కాలనీకి ఆ ఏడు మంచి కాలనీలకిచ్చే బహుమతి వచ్చేలా ఉంది. చూడటానికి ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. నోయెల్ వాళ్లను వీధులన్నీ తిప్పాడు. చివరి వీధి కొసన ఇటుక గోడ అడ్డం వచ్చింది.

"ప్లాన్‌లో ఇక్కడ దారి ఉన్నట్టుందే?" అంది వాళ్లలో పెద్దావిడ.

ఆయన జవాబు చెప్పేలోపే చక్రాల నడకబండి తోసుకుంటూ విన్నీ ఆష్‌వర్త్ వచ్చింది. గోడ అవతలి పాత వీధి ఆవిడది. అక్కడున్న పన్నెండు ఇళ్లలోనూ ముసలివాళ్లే. పెద్దరోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆవిడకు అరగంట పట్టింది. మూడేళ్ల కిందట చర్చి హాల్లో జరిగిన మీటింగులో, బస్టాపుకీ డాక్టరు దగ్గరికీ అడ్డదారి ఉంటుందా అని లేచి అడిగింది ఆవిడే. దారి లేకుండా ఒక్క ఇల్లూ కట్టనివ్వనని మాటిచ్చింది నోయెలే.

"ఆయన్నేం అడక్కండమ్మా," అంది విన్నీ ఆయాసపడుతూ. "మాకోసం ఎంత కొట్లాడాడో పాపం. ఆ కట్టినవాళ్లే మోసం చేశారు. మా వీధిలో అందరికీ తెలుసు."

నోయెల్ నోరు తెరిచాడు. "ఏం చేస్తాం, ఒక్కోసారి అంతే," అన్న మాట బయటికొచ్చింది.

మోసం ఎవరూ చేయలేదు. కట్టేవాళ్లు చిన్న మార్పులంటూ పదకొండు అంశాల జాబితా పంపారు. తొమ్మిదోది ఈ గోడ. ఇళ్లు కొనేవాళ్లకు తమ గుమ్మాల ముందునుంచి పాత వీధివాళ్లు నడవడం ఇష్టం లేదట. నోయెల్ అది రెండుసార్లు చదివాడు. కాదంటే నెలల తరబడి వాదన. సోమవారం నుంచి ఆయనకు సెలవు. సంతకం పెట్టేశాడు.

న్యాయనిర్ణేతలు వెళ్లాక విన్నీ ఆయన చెయ్యి నిమిరి, మళ్లీ పెద్దరోడ్డు వైపు బండి తిప్పుకుంది. ఆవిడ మలుపు తిరిగేదాకా ఆయన తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే న్యాయనిర్ణేతలకు ఉత్తరం రాశాడు: దారి మూసింది నా సంతకమే, పోటీలోంచి మా పేరు తీసేయండి.

పై అధికారి బెర్నడెట్ అది చదివి కళ్లజోడు తీసింది. "ఎవరూ అడగలేదుగా నోయెల్. ఎందుకు నెత్తికెత్తుకుంటావు?"

"అడగలేదు. పైగా ఆవిడ నన్ను వెనకేసుకొచ్చింది."

బహుమతి వేరే ఊరికి పోయింది. గోడ మాత్రం పోలేదు. దారికని వదిలిన నేల అప్పటికే ఒకరి పెరట్లో కలిసిపోయింది. ఇకపై ఏ కొత్త కాలనీలోనైనా దారి తెరిచాకే తొలి కుటుంబం దిగాలని నోయెల్ కొత్త నియమం చేయించాడు. పాత వీధికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఆదివారం ఆయన విన్నీ ఇంటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు. ఆవిడ టీ పొయ్యబోయి ఆగిపోయింది.

"చదివే పెట్టావా సంతకం?"

"చదివే పెట్టానండీ."

ఆవిడ టీకుండ కింద పెట్టి, వేడి పోకుండా వేసే ఉన్ని తొడుగు దానికి మళ్లీ తొడిగింది.

"నువ్వు మంచివాడివని ఈ పన్నెండిళ్లలోనూ చెప్పుకొచ్చాను నాయనా. ఇప్పుడు కాదని చెప్పడానికి నాకు నోరు రాదు. నువ్వే వెళ్లి చెప్పుకో."

నోయెల్ కోటు తొడుక్కుని పక్కింటి తలుపు తట్టాడు. తెరిచినాయన ముఖం విప్పార్చి, "ఓహో, నువ్వా! రా, లోపలికి రా," అన్నాడు.

"ముందు ఇక్కడే ఒక మాట చెప్పనివ్వండి," అన్నాడు నోయెల్.